పెరటి చెట్టుకూ వైద్యం కావాలి

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనవాళ్ల సామెత. దగ్గరున్న దాని విలువ మనకు తెలియదనే అర్థంలో వాడుతుంటాం. అయితే ఆ పెరటి చెట్టుకే జబ్బు చేస్తే దానికి వైద్యం ఎవరు చేయాలో సామెత చెప్పలేదు. ఉద్యానశాఖలో ముప్ఫై ఏళ్లు పనిచేసి, రిటైరై హోసూరులో స్థిరపడిన నన్ను మాత్రం ఆ ప్రశ్న వదలడం లేదు. ఉగాది సభకు వెళ్లినా, కార్తీక వనభోజనాలకు వెళ్లినా ఎవరో ఒకరు చేతిసంచిలోంచి ఎండిన ఆకొకటి తీసి, "అన్నయ్యగారూ, దీనికి ఏం మందు కొట్టమంటారు?" అని అడుగుతారు.

ఒక్క ఆకు చూసి ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేం. జ్వరమని వెళితే డాక్టరు నాలుక చూస్తాడు, నాడి పట్టుకుంటాడు, నిన్న ఏం తిన్నావని అడుగుతాడు. చెట్టు దగ్గరకొచ్చేసరికి ఆకు చూపించి సీసా కొనుక్కుపోవాలని తొందరపడతాం. దీనివల్ల రెండు నష్టాలు జరుగుతున్నాయి. ఒకటి, పత్తి చేనుకు కొట్టే మందు మన పెరట్లో, బావికి నాలుగడుగుల దూరంలో, బట్టలారేసే తీగ పక్కన, పిల్లలు కోసుకు తినే జామచెట్టు మీద పడుతోంది. రెండు, ఇంకా బతికే చెట్టును "ఇక లాభం లేదు" అని కొట్టేస్తున్నారు. తాతగారు నాటిన మామిడి పోతే అటువంటి నీడ మళ్లీ మనవల కాలానికి గాని రాదు.

అందుచేత ఈ వ్యాసంలో మందుల జాబితా కంటే చెట్టును చూసే పద్ధతి ముఖ్యమని భావించి రాస్తున్నాను. చూడటం తెలిస్తే సగం వైద్యం అయినట్టే.

ఆకు చెప్పే మాట

ఆకు పసుపు రంగుకు తిరిగిందంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న: పాలిపోయింది ముదురాకా, లేతాకా? ముదురాకులు ముందు పండి రాలుతుంటే, చెట్టు పాత ఆకుల్లోని సారాన్ని లాగి చిగుళ్లకు ఇచ్చుకుంటోందన్నమాట. నత్రజని తక్కువైతే ఆకంతా సమంగా పాలిపోతుంది. మెగ్నీషియం తక్కువైతే, ముఖ్యంగా నిమ్మలో, ఆకు మొదట్లో బాణపు మొనలా కొంత పచ్చదనం మిగిలి చుట్టూ పసుపు పడుతుంది. అలా కాక లేతాకులే ఈనెలు పచ్చగా, మధ్యభాగం పాలిపోయి వలలాగా కనబడితే ఇనుము అందడం లేదు. ఇనుము పాత ఆకుల నుంచి చిగుళ్లకు కదలదు కాబట్టి ఆ లోటు కొత్త ఆకులోనే బయటపడుతుంది. లేతాకులు సన్నగా, చిన్నగా, గుత్తులుగా వస్తే జింకు లోటు అనుకోవచ్చు.

మనవాళ్లు ఉంటున్న ఊళ్లు వేరు, నేలలు వేరు. షోలాపూరులో నల్లరేగడి. అక్కడ మట్టిలో సున్నం పాలు ఎక్కువ. ఇనుము మట్టిలో ఉన్నా వేరు తీసుకోలేదు. అన్నభేది తెచ్చి మొదట్లో పోస్తే అదీ అలాగే కట్టుబడిపోతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట లేతాకుల మీద చల్లితే పని చేస్తుంది. చెన్నై తీరాన బోరునీరు ఉప్పదేరిన ఇళ్లలో మామిడి ముదురాకుల కొనలు, అంచులు కాలినట్టు ఎండుతాయి. అది తెగులు కాదు, ఉప్పు. వాననీటిని పాదులోకి మళ్లించడమే దానికి మందు. హోసూరు, బెంగుళూరు ఎర్రనేలల్లో నీరు నిలవదు, వేసిన ఎరువూ వానకు కిందికి దిగిపోతుంది. అక్కడ ఎరువు ఒక్కసారిగా కాక కొంచెం కొంచెంగా రెండు మూడు విడతలు వేయాలి. యానాం గోదావరి ఒండ్రులో ఇందుకు విరుద్ధం. వానాకాలం నీరు నిలిచి వేళ్లకు గాలి ఆడదు.

ఇక్కడొక సంగతి గుర్తుంచుకోవాలి. నీళ్లు తక్కువైనా, ఎక్కువైనా ఆకు ఒకేలా వడలుతుంది. వడలిన చెట్టు చూడగానే బకెట్టు ఎత్తడం అలవాటు. అంతకుముందు పాదులో జానెడు లోతు తవ్వి, మట్టి పిడికిట్లోకి తీసుకుని పిసకండి. ముద్దయి వేళ్లకంటితే నీళ్లు ఆపాలి. పొడిపొడిగా రాలితే నీళ్లు పెట్టాలి. బొప్పాయికైతే ఈ పరీక్ష మరీ అవసరం. ఒకటి రెండు రోజులు మొదట్లో నీరు నిలిస్తే చాలు, అది కుళ్లి పడిపోతుంది.

చెట్టంతానా, ఒక పక్కేనా?

రెండో ప్రశ్న ఇది. గాలివాటుగా వచ్చే తెగులు సాధారణంగా ఒక పక్కకే పరిమితం కాదు. ఒక దిక్కు కొమ్మలే ఎండుతుంటే ఆ దిక్కున నేలలో ఏం జరిగిందో చూడాలి. కాలువ తవ్వారా? ప్రహరీ గోడకు పునాది తీశారా? పైపులైను వేశారా?

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ మరుసటి వేసవిలో బరంపురంలో మా వియ్యంకుల ఇంటికి వెళ్లాను. వారి మామిడి ఒక పక్క పచ్చగా, ఒక పక్క ఎండి ఉంది. "బావగారూ, రెండుసార్లు మందు కొట్టించాం, తగ్గలేదు" అన్నారు. ఎండిన పక్కన గునపంతో తవ్వించాను. తుపానుకు చెట్టు ఊగినప్పుడు ఆ వైపు వేళ్లు పుటుక్కున తెగి, మట్టిలో ఖాళీ ఏర్పడింది. వేరు లేని పక్కకు మందు కొట్టి ఏం లాభం? ఖాళీలో మట్టి కూరి తొక్కించి, ఎండిన కొమ్మలు రంపంతో కోయించి, మిగిలిన కొమ్మల బరువు కొంత తగ్గించి, పోటు పెట్టించాం. మూడో వేసవికి ఆ పక్క కూడా చిగుళ్లు నిలదొక్కుకున్నాయి. తుపాను దెబ్బ కొన్నిసార్లు ఏడాది తర్వాత గాని బయటపడదు. కోస్తాలో ఉన్నవారు దీన్ని మరచిపోకూడదు.

ఒక కొమ్మ ఎండి, దాని కింద రంపపు పొట్టులాంటిది రాలుతుంటే మాత్రం అది కాండం తొలిచే పురుగు పని. రంధ్రంలోకి సైకిలు చువ్వను కొక్కెంలా వంచి దూర్చి పురుగును లాగేసి, బంకమట్టితో మూసేస్తే చాలు.

మొదలు చూడందే మాట చెప్పొద్దు

హోసూరులోనే మా పక్క వీధిలో ఒకరింట్లో మామిడి మూడేళ్లుగా పూత మానేసింది. ఆకులు చిన్నవైపోయాయి, కొమ్మల చివర్లు ఎండుతున్నాయి. ఇంటాయన, "సార్, రేపు మిషను కోతవాళ్లను రమ్మన్నాను, ఊరికే ఒకసారి చూసి చెప్పండి" అన్నాడు. గడపలో కూర్చున్న వాళ్లమ్మ, "నేను కాపురానికొచ్చిన ఏడు నాటింది నాయనా" అంది, అంతకుమించి ఏమీ అనలేదు.

చెట్టు పైకి చూడకముందే కారణం కనబడింది. కారు పెట్టుకోవడానికని మాను దాకా సిమెంటు వేశారు. మిగిలిన జానెడు మట్టిలోకి బట్టలుతికే మిషను నీళ్లు వదిలారు. వేరుకు గాలి లేదు, వాననీరు లేదు. దక్కిందల్లా సబ్బు నీళ్లు. "కోతవాళ్లకు బదులు సిమెంటు పగలగొట్టేవాళ్లను పిలవండి" అన్నాను. మాను చుట్టూ అయిదడుగుల మేర సిమెంటు తీయించి, సబ్బు నీళ్లు కాలువలోకి మళ్లించి, అక్కడ చివికిన పెంట వేసి ఎండాకు కప్పించాం. మొదటి వానలకు చిగురు వచ్చింది. పూత రావడానికి మరి రెండేళ్లు పట్టింది. ఆ ఏడు అవ్వ చేత్తో ఆవకాయ జాడీ ఒకటి మా ఇంటికొచ్చింది. చెట్టు వైద్యుడికి అంతకంటే మంచి ఫీజు ఉంటుందా?

నిమ్మ, బత్తాయి చెట్లకు మొదటి దగ్గర మరో ప్రమాదం ఉంది. మట్టి ఎగదోసి మాను చుట్టూ నీళ్లు నిలిపితే బెరడు మెత్తబడి, పగిలి, బంక కారుతుంది. అంటు కట్టిన చోటు ఎప్పుడూ మట్టికి పైనే ఉండాలి. మాను చుట్టూ చిన్న కట్ట వేసి, దాని అవతల పాదు చేసి నీళ్లు పెట్టాలి. బంక కారే చోట కుళ్లిన బెరడు గీకేసి బోర్డో పేస్టు పూయండి. 100 గ్రాముల మైలతుత్తం, 100 గ్రాముల సున్నం విడివిడిగా కొంచెం నీటిలో కరిగించి, రెండూ కలిపి మొత్తం లీటరు నీటికి సరిపెడితే ఆ పేస్టు తయారవుతుంది. ప్లాస్టిక్ బకెట్టు గాని మట్టి కుండ గాని వాడాలి, ఇనుప పాత్ర పనికిరాదు.

అంటు కింది నుంచి వచ్చే చిగుళ్లను కూడా గమనించండి. సపోటాను పాల చెట్టు మీద అంటు కడతారు. కింది చిగురును వదిలేస్తే నాలుగేళ్లలో పాల చెట్టే మిగులుతుంది, సపోటా మాయమవుతుంది. "మా సపోటా ఆకు మారిపోయింది, కాయడం మానేసింది" అనేవారిలో కొందరి సంగతి ఇదే.

జబ్బు కాని జబ్బులు

కొన్నింటికి మందే అక్కర్లేదు. పనసకు వేలంత పిందెలు నల్లబడి, బూజు పట్టి రాలిపోతున్నాయని చాలామంది కంగారు పడతారు. అవి మగపూత. పుప్పొడి విడిచాక రాలిపోవడమే వాటి పని. బొప్పాయికి పొడుగాటి కాడలకు వేలాడే పూలే వచ్చి కాయ పట్టలేదంటే అది మగచెట్టు. మామిడి వేల పూలు పూసినా చివరకు నిలిచేవి పిడికెడు. పిందె రాలడం చూసి నెలనెలా ఏదో ఒకటి చల్లేవారున్నారు. పిందె బఠాణీ గింజంత అయ్యాక నేల మరీ ఎండిపోకుండా చూసుకుంటే చాలు. బంగినపల్లి ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు తగ్గిందంటే అది దాని స్వభావం.

సీతాఫలం పూస్తుంది, కాయ నిలవదు. ఆ పువ్వులో ఆడభాగం ముందు సిద్ధమవుతుంది, పుప్పొడి తర్వాత రాలుతుంది. విచ్చుకున్న పూల పుప్పొడిని ఉదయం పూట చిన్న కుంచెతో తీసి, అప్పుడే విడబోతున్న పూలకు అద్దండి. వేసవి సెలవుల్లో పిల్లలకు చెబితే సరదాగా చేస్తారు.

దానిమ్మ కాయ పగిలితే చాలాసార్లు అది పురుగు కాదు. పది రోజులు ఎండబెట్టి ఒక్కసారిగా తడిపితే గింజ ఉబ్బుతుంది, తొక్క సాగదు. నీళ్లు క్రమం తప్పకుండా ఇవ్వాలి.

పండు కోస్తే పురుగు

మామిడిపండు గుజ్జులో తెల్లని పురుగులు గెంతుతుంటే అది పండు ఈగ. గుజ్జు బాగానే ఉండి టెంకలో నల్లని ముక్కు పురుగు కనబడితే అది టెంక పురుగు. రెండింటికీ వైద్యం వేరు.

పండు ఈగ పక్వానికొచ్చిన కాయలో గుడ్లు పెడుతుంది. పురుగు పెరిగాక నేలలో దిగి గూడు కడుతుంది. కాబట్టి రాలిన కాయను ఒక్కరోజు కూడా నేలమీద వదలకూడదు. ఏరి, ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఎండలో పడేస్తే లోపలి పురుగులు చస్తాయి. మిథైల్ యూజినాల్ ఎరబుట్ట ఒకటి కొమ్మకు కడితే మగ ఈగలు అందులో పడతాయి. జామకు వానాకాలం కాపులోనే ఈ బాధ ఎక్కువ, చలికాలం కాయ శుభ్రంగా ఉంటుంది. వానాకాలం కాయలకు చిన్న గుడ్డసంచులు తొడిగితే సరి.

టెంక పురుగు పిందె నిమ్మకాయంత ఉన్నప్పుడే లోపలికి పోతుంది. ఆ గాయం మానిపోయి కాయపైన గుర్తు కూడా మిగలదు. పండు మీద మందు కొట్టడం వల్ల లాభం లేదు. ఆ పురుగు తర్వాత బెరడు పగుళ్లలో దాక్కుని మళ్లీ పూత కాలానికి బయటికొస్తుంది. తిన్న టెంకలు, రాలిన కాయలు చెట్టు కింద పారేయకుండా ఏరేయడమే మనం చేయగలిగిన పని.

కొబ్బరి మట్ట మీద గుర్తులు

కొబ్బరిని నేలమీద నిలబడే చదవవచ్చు. విచ్చుకున్న మట్ట కత్తెరతో కోసినట్టు వరసగా తెగి ఉంటే కొమ్ము పురుగు. అది పుట్టేది మన పెంటకుప్పలోనే. కుప్పను తిరగేసి తెల్లని లావుపాటి పురుగులను ఏరేయాలి. మొవ్వు దగ్గరి మట్టల మొదళ్లలో ఇసుక, వేపగింజల పొడి కలిపి వేయాలి. కొత్త ఆకులు కొసలు ముడిచి, విప్పుకోకుండా అతుక్కుంటే బోరాన్ లోటు. చెట్టుకు 50 గ్రాముల బోరాక్స్ పాదులో వేసి నీళ్లు పెట్టాలి. కాయ ముచ్చిక కింద గోధుమరంగు మచ్చ లేచి, పెరిగే కొద్దీ పీచు పగిలితే అది నల్లి. 1998లో కేరళలో కనబడి చుట్టుపక్కల రాష్ట్రాలకు పాకింది. కాయ చిన్నదవుతుంది గాని లోపలి కొబ్బరి, నీళ్లు నిరభ్యంతరంగా వాడుకోవచ్చు.

భయపడవలసింది ఎర్రముక్కు పురుగుకు. మాను మీద రంధ్రం, అందులోంచి ఎర్రటి జిగురు, నమిలిన పీచు కనబడితే చెవి ఆనించి వినండి. లోపల కొరుకుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఈ పురుగు గాయం వాసనకే వస్తుంది. మానుకు మేకులు కొట్టడం, మెట్లు చెక్కడం, పచ్చి మట్టలు మొదలంటా నరకడం మానేయాలి.

నల్లమసి, ఒక కందిరీగ కథ

ఆకుల మీద మసి పూసినట్టు నల్లబడితే ఆ మసిని కాదు, దానిపైన ఉన్న కొమ్మ ఆకుల వెనక చూడాలి. తేనెమంచు పురుగో, పిండినల్లో, తెల్లదోమో రసం పీల్చి తీపి జిగురు విసర్జిస్తుంది. దానిమీద మసి పెరుగుతుంది. నీటి పైపుతో గట్టిగా కొట్టి, తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి ఆకుల అడుగున చల్లండి. చీమలు బారులు కట్టి ఎక్కుతుంటే మానుకు గుడ్డపట్టీ చుట్టి గ్రీజు రాయండి. పిండినల్లిని కాపాడేది ఆ చీమలే.

2008లో బొప్పాయి పిండినల్లి కోయంబత్తూరు ప్రాంతంలో కనబడి తోటలకు తోటలను తుడిచిపెట్టింది. కొట్టిన మందుకల్లా మళ్లీ పుట్టుకొచ్చింది. 2010లో దాని సహజ శత్రువైన చీమంత కూడా లేని ఒక కందిరీగను ప్యూర్టోరికో నుంచి తెప్పించి బెంగుళూరులో పెంచి వదిలారు. కొద్ది నెలల్లో పిండినల్లి అదుపులోకి వచ్చింది. 2016లో పొల్లాచ్చి వైపు కొబ్బరి మీద కనబడిన సర్పిలాకార తెల్లదోమకు కూడా ఇటువంటి చిన్న కందిరీగే శత్రువు. ఘాటైన మందు కొడితే ముందు చచ్చేది ఈ మిత్రులే. కాసరగోడు జీడితోటల మీద హెలికాప్టర్లతో చల్లిన ఎండోసల్ఫాన్ మనుషులను ఏం చేసిందో లోకానికి తెలుసు. ఒకప్పుడు ఏ దుకాణంలో అడిగినా దొరికిన ఆ మందును 2011లో సుప్రీంకోర్టు ఆపించింది. దుకాణంలో దొరికినంత మాత్రాన పెరట్లో వాడదగ్గదని అర్థం కాదు.

తీసేయక తప్పనివి

ఎంత చేసినా నిలవనివీ ఉన్నాయి. జామ ఆకులు పసుపు పడి, కొమ్మలు చివరి నుంచి ఎండుతూ చెట్టంతా వాడితే అది ఎండు తెగులు. తీసేసి ఆ గుంటలో మళ్లీ జామ పెట్టకండి. బొప్పాయి ఆకులు చారలు పడి, ముడుచుకుని, కాయల మీద వలయాలు కనబడితే వైరస్. పేనుబంక దాన్ని పక్క మొక్కలకు చేరుస్తుంది. మందు లేదు, పీకి పారేయాలి. మొవ్వు వాలిపోయిన కొబ్బరిని వదిలేస్తే వీధిలోని మిగతా కొబ్బరులకు పురుగులు పంచినట్టే. చెట్టు మీది ప్రేమ ఇలాంటిచోట పక్కింటి చెట్టుకు శత్రువు కాకూడదు.

ఎవరిని అడగాలి?

సందేహం తీరకపోతే జిల్లా కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లండి. బెంగుళూరు, హోసూరువారికి హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ, తమిళనాడువారికి కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం, షోలాపూరువారికి అక్కడి దానిమ్మ పరిశోధన కేంద్రం, ఒడిశావారికి భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, యానాంవారికి పక్కనే కోనసీమలో అంబాజీపేట పరిశోధన కేంద్రం ఉన్నాయి. ఒక్క ఎండిన ఆకు పట్టుకెళ్లకండి. లేతాకు, ముదురాకు, సగం జబ్బు పడిన కొమ్మ ఒకటి న్యూస్‌పేపరులో చుట్టి తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవరులో పెడితే చెమట పట్టి కుళ్లుతుంది. మొదటి ఫోటో ఒకటి, చెట్టంతటి ఫోటో ఒకటి తీసుకోండి.

చివరగా ఒక మాట. పిల్లలకు టీకాల కార్డు రాసుకున్నట్టే పెరటి చెట్టుకూ ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎప్పుడు పూసింది, ఎప్పుడు కాసింది, పక్కన ఏం తవ్వారు, ఏం పోశారు అన్నవి తేదీ వేసి రాయండి. ఆ పని ఇంట్లో పిల్లలకు అప్పగిస్తే మరీ మంచిది. మీరు మందుల దుకాణానికి బయలుదేరే ముందు ఆ పుస్తకం ఒకసారి తిరగేయండి. జవాబు చాలాసార్లు అందులోనే ఉంటుంది.